పెరటి కొలనుకు ఎంత వడపోత?

ఇల్లు కట్టుకున్నవాడికి పెరట్లో ఒక తులసికోట, నూతిగట్టు, నాలుగు అరటిచెట్లు ఉంటే చాలుననుకునే రోజులు దాటిపోయాయి. ఇప్పుడు కాస్త స్థలం మిగిలితే చాలు, అక్కడ ఒక చిన్న కొలను తవ్వించి, సిమెంటు పూయించి, రెండు కలువ దుంపలు నాటి, ఎర్రవీ తెల్లవీ చేపలు వదలాలని చాలామందికి సరదా పుడుతున్నది. సరదా మంచిదే. సాయంత్రం పూట గట్టున కూర్చుని గుప్పెడు మేత చల్లితే, చేపలన్నీ గుంపుగా వచ్చి నోళ్ళు తెరుస్తాయి. పగలంతా పడిన విసుగు ఆ క్షణాన ఎటు పోతుందో తెలియదు.

అయితే కొలను కట్టిన కొద్ది వారాలకే చిక్కు మొదలవుతుంది. నీరు పచ్చబడుతుంది, అడుగున మడ్డి చేరుతుంది, ఒకటి రెండు చేపలు నీటిపైకి వచ్చి గుటకలు వేస్తాయి. అప్పుడు ఎవరో ఒకరు, "ఫిల్టరు పెట్టించండి" అంటారు. దుకాణంలో ధర విని గుండె జారిన గృహస్థు, "ఒక పీపా, కాసిని కంకరరాళ్ళు, చిన్న పంపు తెచ్చి మనమే చేసుకోరాదా?" అనుకుంటాడు. నిక్షేపంలా చేసుకోవచ్చు. కొలత కుదిరితే ఇంట్లో చేసుకున్న వడపోత కొన్నదానికి ఏమాత్రం తీసిపోదు.

ఆ కొలత దగ్గరే అందరూ పొరబడుతున్నారు. "మా కొలను మూడు వేల లీటర్లు పడుతుంది, ఎంత వడపోత కావాలి?" అని అడుగుతారు. ఇల్లు ఎన్ని గదులో చూసి ఎసట్లో బియ్యం పోసే ఇల్లాలు ఎక్కడైనా ఉంటుందా? తినే నోళ్ళు ఎన్నో చూసి పోస్తుంది. వడపోత సంగతీ అంతే. దాన్ని కొలవవలసింది ముందుగా నీటినిబట్టి కాదు, నోళ్ళనుబట్టి. ఈ ఒక్క మాట పట్టుబడితే తక్కిన లెక్క అయిదో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు.

అద్దంలాంటి నీరు

నేనెరిగిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి కథ చెబుతాను. ఆయన మనవరాలి ముచ్చట తీర్చడానికి పెరట్లో కొలను కట్టించారు. పొడవు 8 అడుగులు, వెడల్పు 5 అడుగులు, లోతు రెండున్నర. అందులో వేలెడంత కోయి చేపలు పది వదిలారు. ఒక ఇరవై లీటర్ల బకెట్టులో కంకర నింపి, చిన్న పంపుతో నీరు దానిగుండా పోయేటట్టు ఏర్పాటు చేశారు. మనవరాలు పది చేపలకూ పది పేర్లు పెట్టింది. రెండేళ్ళు ఇబ్బంది లేకుండా గడిచాయి.

మూడో ఏడు ఒక ఆదివారం నాడు మాస్టారు బకెట్టులోని కంకరంతా కుళాయి కింద పోసి, బ్రష్షుతో రుద్ది, ముత్యాల్లాగా మెరిసేటట్టు కడిగి మళ్ళీ అమర్చారు. శుభ్రం విషయంలో ఆయన చాలా పట్టింపు మనిషి. బుధవారం నాటికి చేపలు మేత ముట్టడం మానేశాయి. శుక్రవారం పొద్దున ఏడు చేపలు వెల్లకిలా తేలాయి.

నేను వెళ్ళేసరికి ఆయన గట్టున కూర్చుని ఉన్నారు. "చూడండి లెక్చరరు గారూ, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో! అడుగున రూపాయి బిళ్ళ వేస్తే బొమ్మా బొరుసూ కూడా కనబడతాయి. ఈ నీళ్ళలో చేపలు చావడమేమిటి?" అన్నారు. మనవరాలు మాత్రం ఏమీ అనలేదు. తాతయ్య పక్కన నిలబడి, మిగిలిన మూడింటినీ పేరుపేరునా లెక్క చూసుకుంటున్నది.

నీరు తేటగానే ఉన్నది. మాస్టారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాని తేట వేరు, శుద్ధి వేరు. మన పెద్దవాళ్ళు బురద నీటి కుండలో చిల్లగింజ అరగదీసేవారు. ఇండుపగింజ అన్నా అదే. కాసేపటికి బురదంతా అడుగున చేరి, పైన తేరిన నీరు నిలిచేది. చిల్లగింజ మట్టిని దించగలదు గాని, నీటిలో కరిగి ఉన్న ఉప్పును దించలేదు. మాస్టారి కొలనులో చేపల్ని చంపినది కంటికి కనబడే మట్టి కాదు, కనబడకుండా కరిగి ఉన్న విషం.

చేప ఊపిరిలో విషం

ఆ విషం పేరు అమ్మోనియా. చేప తిన్న మేతలోని మాంసకృత్తులు ఒంటికి పట్టినంత పట్టగా, మిగిలిన నత్రజని చాలామట్టుకు అమ్మోనియా రూపంలో మొప్పలగుండా నీటిలోకి వెళ్ళిపోతుంది. చెరువులోనో ఏటిలోనో అయితే అది ఎంతో నీటిలో కలిసిపోతుంది. పెరటి కొలనులో ఎక్కడికి పోతుంది? చేప తాను వదిలినదాన్నే తిరిగి మొప్పలకు తగిలించుకుంటూ ఉండాలి.

ఇందులో ఇంకొక మెలిక ఉన్నది. అమ్మోనియా నీటిలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అంతగా హాని చేయదు, రెండోది మహా విషం. ఏది ఎంత ఉండేదీ నీటి క్షారగుణాన్నిబట్టీ వేడినిబట్టీ ఉంటుంది. నీటి వేడి 30 డిగ్రీలు ఉన్నప్పుడు, పి.హెచ్. అనే కొలత 7 దగ్గర ఉంటే విషరూపం నూటికి ఒక పాలు కూడా ఉండదు. 8 అయితే ఇంచుమించు 7 పాళ్ళు, 9 అయితే దగ్గర దగ్గర సగం. ఎండలో నాచు బాగా పెరిగిన కొలనులో మధ్యాహ్నానికి ఈ కొలత పైకి పాకుతుంది. పొద్దున కులాసాగా ఉన్న చేపలు మధ్యాహ్నం మూడింటికి ఎందుకు తల్లడిల్లుతాయో తెలియక యజమాని తికమకపడుతూ ఉంటాడు.

మరి దీనికి విరుగుడు? విరుగుడు ప్రకృతిలోనే ఉన్నది. 1877లో ష్లోసింగ్, మ్యూంట్స్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఒక పొడుగాటి గాజుగొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి, మురుగునీటిని దానిగుండా మెల్లగా జారవిడిచారు. మొదటి ఇరవై రోజులూ లోపలికి పోయిన అమ్మోనియా యథాతథంగా బయటికి వచ్చింది. ఆ తరువాత అది తగ్గసాగింది. దాని బదులు నైట్రేటు రావడం మొదలుపెట్టింది. గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పంపారు. పని ఆగిపోయింది. అంటే ఇది ఇసుక చేసిన పని కాదు, ఇసుకను అంటిపెట్టుకుని బతుకుతున్న ప్రాణులు చేసిన పని అని తేలింది. తరువాత 1890 ప్రాంతంలో విన్‌గ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు ఆ సూక్ష్మజీవులను విడదీసి చూపాడు. ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. మరొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. ఈ రెండు మెట్లూ తానొక్కటే ఎక్కగల సూక్ష్మజీవి కూడా ఉన్నదని 2015లో బయటపడింది.

నైట్రైటు కూడా చేపకు విషమే. అది నెత్తుటిని గోధుమరంగుకు తిప్పి, ప్రాణవాయువును మోయకుండా చేస్తుంది. నైట్రేటు మాత్రం సాధువు. చాలా పోగుపడితే తప్ప హాని చేయదు. పైగా కలువలకూ తుంగకూ అది ఎరువు.

ఇప్పుడు మాస్టారి ఆదివారం సంగతి మళ్ళీ చూడండి. ఆయన బ్రష్షుతో రుద్ది వదలగొట్టినది జిగురు కాదు, రెండేళ్ళుగా కొలనుకు ఊడిగం చేస్తున్న కోట్లాది పనివాళ్ళను. రుద్దడానికి చిక్కకుండా మిగిలినవాటిని కుళాయి నీటిలోని క్లోరిన్ చూసుకున్నది.

వడపోతకు రెండు పనులు

వడపోత అనగానే మనకు మూడు కుండల వరస గుర్తుకు వస్తుంది. పై కుండలో బొగ్గు, మధ్య కుండలో ఇసుక, అడుగు కుండలో నీరు. అది తాగే నీటికి తగిన ఏర్పాటు. రోజుకు నాలుగు బిందెలు వడకడితే చాలు. చేపల కొలను నీరు రాత్రింబగళ్ళు తిరుగుతూనే ఉండాలి. అందులో చేపల పెంట, తినక మిగిలిన మేత, రాలిన ఆకులు ఉంటాయి. సన్నటి ఇసుక పోస్తే నాలుగు రోజుల్లో అట్టకట్టి, నీరు గట్టు దాటి పెరట్లో పారుతుంది.

అందుచేత కొలను వడపోతను రెండు అరలుగా ఏర్పాటు చేసుకోవాలి. మొదటి అర మడ్డి దిగడానికి. అందులో నీరు నెమ్మదిగా కదిలితే బరువైన మురికి దానంతట అదే అడుక్కు చేరుతుంది. అడుగున ఒక గొట్టమూ బిరడా పెట్టి, వారానికి రెండుసార్లు మడ్డి వదిలివేయాలి. రెండో అర సూక్ష్మజీవుల కాపురానికి. కంకరో, పెంకుముక్కలో, మరొకటో అందులో ఉంటుంది. మొదటి అర లేకుండా రెండోది కట్టినవాళ్ళు మడ్డినంతా కంకరలోకి పంపి, పనివాళ్ళ ఇళ్ళను పూడ్చివేస్తున్నారన్నమాట.

మొదటి అర కొలత పంపునుబట్టి, రెండో అర కొలత మేతనుబట్టి నిర్ణయించాలి. మేత లెక్క ముందు చూద్దాం.

లెక్క ఇది

మొదట కొలను. పొడవు, వెడల్పు, లోతు అడుగుల్లో గుణిస్తే ఘనపుటడుగులు వస్తాయి. ఒక ఘనపుటడుగుకు 28.3 లీటర్లు. మాస్టారి కొలను 8ని 5తోను, దాన్ని రెండున్నరతోను గుణిస్తే 100 ఘనపుటడుగులు, అంటే 2,830 లీటర్లు.

తరువాత మేత. కొలనులో ఉన్న చేపల మొత్తం బరువు అంచనా వేయండి. పిల్లచేపలు రోజుకు తమ బరువులో నూటికి మూడు పాళ్ళ మేత తింటాయనుకోవచ్చు. పెద్దవి పాలున్నర. దుకాణాల్లో దొరికే మేతలో మాంసకృత్తులు సాధారణంగా నూటికి 35 పాళ్ళ దరిదాపుల్లో ఉంటాయి. అలాంటి మేత కిలో తింటే సుమారు 30 గ్రాముల నత్రజని అమ్మోనియాగా నీటిలో చేరుతుంది. అంటే నూరు గ్రాముల మేతకు మూడు గ్రాములు.

ఆ తరువాత పనివాళ్ళకు స్థలం. సూక్ష్మజీవులు రాళ్ళ పైతలాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి. చేపలకు సుఖంగా ఉండే నీటిలో, ఒక చదరపు మీటరు తలం మీద ఉన్న పనివాళ్ళు రోజుకు 0.2 గ్రాముల అమ్మోనియా నత్రజనిని మార్చగలరని అనుకుంటే భద్రమైన లెక్క. ఇక, రెండు సెంటీమీటర్ల కంకర ఒక లీటరు తీసుకుంటే, అందులోని రాళ్ళ పైతలం అంతా కలిపి సుమారు 0.18 చదరపు మీటరు ఉంటుంది.

మాస్టారి కొలనుకు ఇది వర్తింపజేద్దాం. మొదటి ఏడు పది చేపలూ ఒక్కొక్కటి 50 గ్రాములనుకుందాం. మొత్తం అరకిలో. మేత రోజుకు 15 గ్రాములు. అమ్మోనియా 0.45 గ్రాములు. కావలసిన తలం రెండుంబావు చదరపు మీటర్లు. దానికి పన్నెండున్నర లీటర్ల కంకర చాలు. ఆయన పెట్టినది ఇరవై లీటర్ల బకెట్టు. భేషుగ్గా సరిపోయింది!

మూడో ఏటికి అవే పది చేపలు కిలో వంతున పెరిగాయి. మొత్తం పది కిలోలు. మేత 150 గ్రాములు. అమ్మోనియా నాలుగున్నర గ్రాములు. కావలసిన తలం ఇరవై రెండున్నర చదరపు మీటర్లు, కంకర 125 లీటర్లు. కొలను పెరగలేదు, నీరు పెరగలేదు, చేపల సంఖ్య పెరగలేదు. వడపోత అవసరం మాత్రం పదింతలయింది. బకెట్టు మాత్రం అదే బకెట్టు. కుంటుతూ నడుస్తున్న ఆ బండికి ఆదివారం స్నానంతో ఇరుసు విరిగింది. పనివాళ్ళెవరూ లేని ఆ నీటిలో రోజుకు లీటరుకు 1.6 మిల్లీగ్రాముల వంతున అమ్మోనియా పోగుపడింది. బుధవారం నాటికి ఎంతయి ఉంటుందో మీరే లెక్క వేసుకోండి.

కంకరలో నీరు అన్ని మూలలకూ సమంగా పోదు. కొంత భాగం మడ్డితో పూడుతుంది. అందుచేత లెక్కకు వచ్చినదాన్ని రెట్టింపు చేసుకోవడం వివేకం. అలా చేస్తే గుర్తుంచుకోదగిన సూత్రం ఒకటి తేలుతుంది: రోజుకు పది గ్రాముల మేతకు 17 లీటర్ల కంకర. మాస్టారి పెద్ద చేపలకు 250 లీటర్లన్నమాట. ఆయన కొలను నీటిలో అది ఇంచుమించు పదకొండో వంతు. "కొలనులో పదో వంతు వడపోత ఉండాలి" అని అనుభవజ్ఞులు చెప్పే మోటు లెక్క ఉన్నది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు బోధపడింది గదా! అది పెరిగిన చేపలకు, నిండుగా ఉన్న కొలనుకు వర్తించే లెక్క.

ఇంతకూ ఏ చేపలు?

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. కోయి అంటే గంపలో పట్టే అలంకారపు చేప కాదు. జపానులో నీగాటా ప్రాంతపు రైతులు తినడానికి పెంచుకున్న చేపల్లోనుంచి రంగు తేలినవాటిని ఏరి, తరతరాలుగా జతకట్టించి తీసిన జాతి అది. మన బొచ్చెకు దూరపు చుట్టం. రెండడుగులు దాటి పెరుగుతుంది. మాస్టారి కొలనుకు పది కోయిలు ఎక్కువ. మూడు ఉంటే సుఖంగా బతుకుతాయి.

అదే కొలనులో పది బంగారు చేపలు వేశారనుకుందాం. బాగా పెరిగి ఒక్కొక్కటి పావుకిలో అయినా మొత్తం రెండున్నర కిలోలే. మేత 37 గ్రాములు. సూత్రం ప్రకారం 63 లీటర్ల కంకర చాలు. పది కోయిలకు రెండు పీపాల కంకర, పది బంగారు చేపలకు అరపీపాలోపే. కాబట్టి కొలను కట్టకముందే ఏ చేపలు, ఎన్ని, ఎంత పెరుగుతాయి అన్నది తేల్చుకోవాలి. వడపోతను ఈనాటి చేపపిల్లకు కాక, రేపటి చేపకు కొలవాలి. పిల్లవాడికి చొక్కా కుట్టించేటప్పుడు కాస్త వదులుగా కుట్టించమని అమ్మ చెప్పినట్టే.

కంకరే ఎందుకు?

కంకరే కావాలని నియమం లేదు. దొరుకుతుంది, చౌక, కుళ్ళదు. అంతే. అయితే బరువు. లీటరు కంకర కిలోన్నర తూగుతుంది. 250 లీటర్లంటే 375 కిలోలు. కింద గట్టి దిమ్మె ఉండాలి. రాయి పెద్దదైతే తలం తగ్గుతుంది. నాలుగు సెంటీమీటర్ల రాళ్ళు వేస్తే అదే పీపాలో సగం తలమే దొరుకుతుంది. మరీ సన్నవైతే పూడిపోతాయి. రెండు సెంటీమీటర్లది రెండిటికీ మధ్యే మార్గం.

చిరిగిన నైలాను వలలు చుట్టచుట్టి వేస్తే తేలికగా ఉంటాయి, కడగడమూ సులువు. కోస్తా ఊళ్ళలో వాటికి కొరత లేదు. సీసాల ప్లాస్టిక్ మూతలు, గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు కూడా పనికివస్తాయి. కొబ్బరిపీచు మాత్రం వద్దు, నీటిలో నాని కుళ్ళుతుంది. సబ్బు కలిసిన పీచు అసలే వద్దు. ఆల్చిప్పలు ఒక సంచీలో కట్టి కంకర మధ్య పెడితే మంచిది. సూక్ష్మజీవులు పనిచేసేటప్పుడు నీటిలోని క్షారం ఖర్చవుతుంది, ఆల్చిప్పలు దాన్ని మెల్లగా భర్తీ చేస్తాయి. ఫ్రెంచివారి గొట్టంలో సున్నపురాయి చేసిన ఉపకారం అదే. గట్టినీటి బోరు ఉన్న ఇళ్ళకు ఈ బెంగ తక్కువ.

పంపు సంగతి

ఎంత పెద్ద వడపోత కట్టినా, నీరు అందులోకి రాకపోతే ఏం లాభం? కొలనులోని నీరంతా రెండు గంటలకు ఒకసారైనా వడపోతగుండా తిరిగిరావాలి. 2,830 లీటర్ల కొలనుకు గంటకు 1,415 లీటర్లు, అంటే నిమిషానికి 24 లీటర్లు.

పంపు పెట్టె మీద రాసిన అంకె చూసి మోసపోకండి. అది నీటిని ఏ ఎత్తుకూ ఎక్కించనప్పటి అంకె. ఎత్తు పెరిగేకొద్దీ ధార సన్నబడుతుంది. పరీక్షకు ఒక ఇరవై లీటర్ల బకెట్టు, గడియారం చాలు. గొట్టం కొసను వడపోత ఎత్తున పట్టుకుని, బకెట్టు నింపి చూడండి. యాభై సెకన్లలో నిండితే నిమిషానికి 24 లీటర్లు వస్తున్నట్టు.

మొదటి అర కొలత ఇప్పుడు తేలుతుంది. ఈ ధారకు రెండు వందల లీటర్ల పీపా పెడితే నీరు అందులో ఎనిమిది నిమిషాలు నిలుస్తుంది. బరువైన మడ్డి దిగడానికి ఆ మాత్రం వ్యవధి చాలు. వడపోతలోకి వచ్చే గొట్టం ఒక అంగుళమైతే, బయటికి పోయేది రెండంగుళాలు ఉండాలి. లోపలికి పంపు తోస్తుంది గాని, బయటికి నీరు తన బరువుతో తానే పోవాలి. ఈ చిన్న సంగతి మరచినవారి పెరళ్ళలో తెల్లవారేసరికి కొలను ఖాళీ అయి, కూరపాదులు నిండుతాయి.

పంపు రాత్రింబగళ్ళు ఆడాలి. నలభై వాట్ల పంపు రోజంతా ఆడితే కరెంటు ఒక యూనిట్ లోపే. రాత్రి పూట ఆపితే ఆదా అని కొందరు ఆపుతారు. సూక్ష్మజీవులకు నీటిలోని ప్రాణవాయువే ఊపిరి. గ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి వాటికి నాలుగున్నర గ్రాముల ప్రాణవాయువు కావాలి. కదలని నీటిలో కొద్ది గంటల్లో అది అయిపోతుంది. ఎండాకాలం మరీ ప్రమాదం. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా ఇముడుతుంది. కరెంటు చాలాసేపు పోయి వచ్చినప్పుడు, వడపోతలో నిలిచిన నీటిని మొక్కలకు పారబోసి, ఆ తరువాతే పంపు వేయాలి. లేకపోతే ఆ కంపునీరంతా కొలనులోకి పోతుంది.

ఓపిక కావాలి

పీపాలు అమర్చాం, పంపు తిరుగుతున్నది, ఇక చేపలు వదలడమే తరువాయి అనుకోకండి. ఆ ఫ్రెంచివారికి ఇరవై రోజులు ఎందుకు పట్టిందో గుర్తు తెచ్చుకోండి. కొత్త కంకర మీద పనివాళ్ళు ఉండరు. వాళ్ళు వచ్చి, కాపురం పెట్టి, సంతతి పెరగాలి. మన వేడి దేశంలో నాలుగు వారాలు, చలిరోజుల్లో ఆరు వారాలు పట్టవచ్చు. మొదట రెండు చిన్న చేపలే వదలండి, చిటికెడు మేతే వేయండి. ముందు అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. తరువాత నైట్రైటు పెరిగి తగ్గుతుంది. అలంకారపు చేపల దుకాణాల్లో ఈ రెండిటికీ పరీక్ష సీసాలు దొరుకుతాయి. రెండూ సున్నాకు దిగాక తక్కిన చేపలను కొద్దికొద్దిగా తేవచ్చు. తెలిసినవారి కొలనులో రోగాలు లేని పాత వడపోత ఉంటే, దాంట్లో నాలుగు దోసిళ్ళ కంకర అడిగి తెచ్చి కలపండి. పెరుగుకు తోడు వేసినట్టే, పని త్వరగా అవుతుంది.

నైట్రైటు ఎక్కువగా ఉన్న రోజుల్లో వెయ్యి లీటర్లకు కిలో చొప్పున కల్లుప్పు కరిగించి పోస్తే చేపలకు రక్షణ. మేత ఆపాలి. కొంత నీరు మార్చాలి. మున్సిపాలిటీ నీరు పోసేటట్టయితే ముందుగా క్లోరిన్ విరుగుడు కలపాలి.

కంకర కడగవలసి వస్తే కొలను నీటితోనే జాడించాలి. రెండు పీపాలు ఉంటే ఒకటి ఈ నెల, రెండోది వచ్చే నెల. తళతళలాడించే ప్రయత్నం చేయకండి. ఆ గోధుమరంగు జిగురే మీ ఆస్తి.

చివరకు మిగిలే నైట్రేటుకు వారానికి పదో వంతు నీరు మార్చడం, మొక్కలు పెంచడం, ఇవే ఉపాయాలు. తీసిన నీరు అరటికి పోస్తే గెల బలుస్తుంది. గుర్రపుడెక్క నైట్రేటును బాగా పీలుస్తుంది గాని, దాన్ని పెరడు దాటనివ్వకండి. కాలవలకూ కొల్లేటికీ అది చేసిన చెరుపు చాలు. నీరు పచ్చబడితే మాత్రం వడపోతను తిట్టకండి. అది ఎండకూ నాచుకూ మధ్య వ్యవహారం. కొలను సగానికి నీడ కల్పించండి. పచ్చనీటిలో చేప బతుకుతుంది. అద్దంలాంటి నీటిలో చావనూ వచ్చు.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే వీటన్నిటికన్న ముందు కొలను చుట్టూ కంచె వేయించండి. రెండడుగుల నీరు కూడా పసివాడికి లోతే.

మాస్టారు ఇప్పుడు మూడు పీపాలు పెట్టించారు. ఒకటి మడ్డికి, రెండు కంకరకు. చేపలు మాత్రం ఆ మూడే. "ఇంకో రెండు తెద్దామా?" అని ఆయనే ఒకనాడు అడిగితే, మనవరాలు పలక తెచ్చి, మేత ఎన్ని గ్రాములో, కంకర ఎన్ని లీటర్లో వేసి చూపించి, "ఇప్పటికి వద్దు తాతయ్యా, అవి ఇంకా పెరుగుతాయి" అన్నదట.